జిప్సీని కారవాన్ వెనక కట్టి అరకు తీసుకెళ్లవచ్చా?

సాగరఘోష | 3 ఫిబ్రవరి, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఓడల మరమ్మతు పనిలో ముప్ఫై రెండేళ్లు గడిపి రెండేళ్ల క్రితం విరమించాను. వచ్చిన డబ్బులో కొంత పెట్టి పాత పదిహేడు సీట్ల బస్సు కొని కారవాన్‌గా మార్పించాను. రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, నూట యాభై లీటర్ల నీళ్ల ట్యాంకు ఉన్నాయి. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి, దాని గురించి అడగవద్దు, ఆ కథ చెబితే తెల్లవారుతుంది.

సమస్య వేరు. సంక్రాంతి తరువాత మేమిద్దరం అరకులో ఐదు రోజులున్నాం. మూడో రోజు పొద్దున పాలు విరిగిపోయాయి. పాల పాకెట్టు కోసం ఇల్లంతా కదిలించాల్సి వచ్చింది. స్టవ్వు మీది గిన్నెలు దించాలి, తడి బట్టలు తీయాలి, చక్రాల కింది ఇటుకలు లాగాలి, తలుపులన్నీ బిగించాలి. తిరిగొచ్చేసరికి మా చెట్టు నీడలో ఇంకొకరు చేరిపోయారు. చాపరాయి, బొర్రా గుహలు చూడాలన్నా అదే తంతు. మా ఆవిడ ఒక్కటే మాట అంది: "ఇల్లు వెంట తెచ్చుకున్నాం సరే, చెప్పులు తెచ్చుకోలేదు."

నాకు 2006 నాటి మారుతి జిప్సీ జీపు ఒకటి ఉంది. అమెరికాలో మోటర్‌హోముల వెనక కార్లు నాలుగు చక్రాల మీద దొర్లుకుంటూ వెళ్లడం వీడియోల్లో చూశాను. రేవులో రోజూ టగ్గులు ఓడల్ని లాగుతుంటే చూసినవాణ్ణి, ఒక జిప్సీ ఏపాటి? ఏమేమి అమర్చాలో, విశాఖలో ఎక్కడ చేయించాలో చెప్పగలరు.

ఛాసిస్ నంబర్ | 3 ఫిబ్రవరి, రాత్రి 9:40

గురువు గారూ, ఇది రెండు రోజుల పని. ఆటోనగర్ రండి. జిప్సీకి ముందు ఛాసిస్ కొమ్ములు బయటికే ఉంటాయి, ఇంగ్లిషు 'A' అక్షరం ఆకారంలో ఫ్రేము చేసి రెండు పిన్నులతో బిగిస్తాను. బస్సు వెనక ఛానెల్ వేసి, బాల్ (ఫ్రేము కొస తగులుకునే ఇనుప గుండు) పెట్టి, తగిలించడమే. పని నచ్చకపోతే డబ్బు ఇవ్వవద్దు.

కొండగాలి | 4 ఫిబ్రవరి, ఉదయం 5:55

ఛాసిస్ తమ్ముడూ, తగిలించడం రెండు రోజుల పనే. ఆపడం సంగతి ఏమిటి?

శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకుకు పద్నాలుగేళ్లుగా బండి నడుపుతున్నాను. ఒకసారి డముకు దగ్గర దిగుతుంటే మా ముందు ఒక వ్యాను చెడిపోయిన జీపును తాడు కట్టి లాక్కెళుతోంది. ఎక్కేటప్పుడు తాడు బిగుతుగా ఉంటుంది, గొడవ లేదు. దిగేటప్పుడు వెనక బండి ముందు బండి మీదికి వస్తుంది, తాడు వదులై చక్రం కిందికి పోతుంది. మలుపులో అదే జరిగింది. జీపులో కూర్చున్న మనిషి బ్రేకు తొక్కాడు, ఇంజను ఆగి ఉంది కాబట్టి పెడల్ రాయిలా బిగుసుకుంది. వ్యాను వెనక అద్దం పగిలింది, అంతటితో పోయింది. లోయ వైపు తిరిగి ఉంటే ఈ కథ చెప్పేవాణ్ణి కాదు.

రాడ్డుతో కడితే వదులు ఉండదు, ఒప్పుకుంటాను. కానీ తోపు ఎక్కడికి పోతుంది?

సాగరఘోష | 4 ఫిబ్రవరి, ఉదయం 7:20

తాడు మాట నేను ఎత్తలేదు, కొండగాలి గారూ. ఉక్కు రాడ్డే. షాకిల్ మీద ఎంత బరువు ముద్ర వేసి ఉందో చూడకుండా ఏనాడూ కొక్కెం తగిలించినవాణ్ణి కాను. ఛాసిస్ నంబర్ గారూ, శనివారం వస్తున్నాను.

దూరపుకొండ | 4 ఫిబ్రవరి, ఉదయం 11:05

మాది కంచరపాలెం. పదహారేళ్లుగా అరిజోనాలో ఉంటున్నాను. మా మోటర్‌హోము వెనక 2012 హోండా సీఆర్‌వీని ఐదేళ్లుగా కట్టుకుని తిరుగుతున్నాం. ఇక్కడ దాన్ని ఎలా సిద్ధం చేస్తారో చెబుతాను, అక్కడ పనికొస్తుందో లేదో మీరు తేల్చుకోండి.

అసలు మొదటి ప్రశ్న రాడ్డు గురించి కాదు, గేర్‌బాక్సు గురించి. ఇంజను ఆగి ఉండగా చక్రాలు తిరిగితే గేర్‌బాక్సు లోపల ఏవి తిరుగుతాయి, వాటికి నూనె ఎవరు పోస్తారు? మామూలు ఆటోమేటిక్‌లో నూనె పంపును తిప్పేది ఇంజనే. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, చక్రాలు మాత్రం లోపలి భాగాలను పొడిగా తిప్పుతూనే ఉంటాయి. కొన్ని వందల కిలోమీటర్లలో గేర్‌బాక్సు మాడిపోతుంది. అందుకే ఏ కారును ఇలా లాగవచ్చో దాన్ని తయారుచేసినవాళ్లే యజమాని పుస్తకంలో రాస్తారు. రాయలేదంటే లాగకూడదనే అర్థం. మా సీఆర్‌వీని అనుమతించారు, దానికో తతంగం కూడా పెట్టారు: ఇంజను నడుపుతూ గేరు డీ లోకి వేసి, న్యూట్రల్‌కు తెచ్చి, మూడు నిమిషాలు అలాగే తిరగనిచ్చి, అప్పుడు ఆపాలి. గంటకు 65 మైళ్లు దాటకూడదు. 2015 నుంచి అదే సీఆర్‌వీలో సీవీటీ (గేరు మెట్లు లేని మరో రకం ఆటోమేటిక్) వచ్చింది, ఆ అనుమతి పోయింది. పేరు అదే, బండి అదే అనుకుని కొత్తది కొన్న మిత్రుడు ఒకరు ఇప్పుడు రెండో డ్రైవరును వెతుక్కుంటున్నాడు.

ట్రాన్స్‌ఫర్ కేసులో (గేర్‌బాక్సు బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టెలో) విడిగా న్యూట్రల్ ఉన్న ఫోర్ వీల్ బండ్లు దీనికి శ్రేష్ఠం. జీప్ రాంగ్లర్లు ఇక్కడ ప్రతి రెండో మోటర్‌హోము వెనక కనిపించేది అందుకే. చక్రాలకు, గేర్‌బాక్సుకు మధ్య సంబంధం పూర్తిగా తెగిపోతుంది.

ఇక సామాను. కారు బంపరు వెనక ఛాసిస్‌కు బిగించే బేస్ ప్లేటు, ఒక్కో మోడలుకు ఒక్కో కొలత. దానికి రెండు చోట్ల తగులుకునే టో బార్. రెండు చేతులు జాచి పట్టుకున్నట్టు ఉంటుంది, అందుకే కారు పక్కలకు ఊగదు. బార్ నేలకు దాదాపు సమాంతరంగా ఉండాలి. మూడు నాలుగు అంగుళాలకు మించి తేడా ఉంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు మోటర్‌హోము కిందికి దూరడానికో, పైకి ఎక్కడానికో చూస్తుంది. బార్ విరిగినా కారు విడిపోకుండా కింద అడ్డంగా దాటించి కట్టే రెండు ఇనుప తాళ్లు. లైట్ల వైరింగు. కారుకు సొంతంగా బ్రేకు వేసే యంత్రం. తెగిపోతే దాన్ని పని చేయించే మీట, దీన్ని ఇక్కడ బ్రేక్‌అవే స్విచ్ అంటారు. ఆ మీట తాడును టో బార్‌కు కాదు, మోటర్‌హోముకే కట్టాలి. బార్ ఊడిపోతే తాడూ దానితోనే పోతుంది కదా.

వీటన్నిటికంటే నాకు గట్టిగా బుద్ధి చెప్పింది చేతి బ్రేకు. మొదటి ఏడాది అన్నీ తగిలించి, అన్నీ చూసి, హ్యాండ్‌బ్రేకు దించడం మరిచిపోయాను. ఇరవై కిలోమీటర్లు వెళ్లాక వెనక వస్తున్నవాళ్లు హారను కొడుతుంటే ఆపాను. వెనక చక్రాల నుంచి పొగ. పెద్ద బండి నడిపేవాడికి వెనక కారు ఉన్నట్టే తెలియదు, అది ఈడ్చుకుపోతున్నా తెలియదు. అప్పటి నుంచి కారు టైర్లకు గాలి కొలిచే సెన్సార్లు, వెనక ఒక కెమెరా పెట్టుకున్నాను.

రెండు ఫ్యూజులు | 4 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:30

వైరింగు మాట వచ్చింది కాబట్టి నా వంతు. డాబాగార్డెన్స్‌లో ఆటో ఎలక్ట్రికల్ దుకాణం.

సాగరఘోష గారూ, ముందు మీ బస్సు బ్యాటరీలు చూడండి. ఒకటుందా, రెండిటిని వరుసలో కలిపారా? పెద్ద బస్సుల్లో 24 వోల్టులు, మీ జిప్సీలో 12. చూసుకోకుండా బస్సు వెనక లైటు తీగను జిప్సీ లైటుకు కలిపితే బ్రేకు తొక్కిన మొదటిసారే బల్బులు పోతాయి. 24 అయితే మధ్యలో వోల్టేజి తగ్గించే కన్వర్టర్ పెట్టాలి.

12 అయినా నేరుగా కలపవద్దు. బస్సు నుంచి వచ్చిన కరెంటు జిప్సీ వైరింగులోకి వెనక్కి పాకి డ్యాష్‌బోర్డులో ఏదో ఒకటి వెలిగిస్తుంది. ఒక్కో తీగలో ఒక డయోడ్ పెడితే కరెంటు ఒకే దిక్కున పోతుంది. ఇంకా సులువు కావాలంటే జిప్సీ వెనక లైటు పెట్టెలోనే మరో హోల్డరు, మరో బల్బు పెట్టి దానికి బస్సు నుంచి విడి తీగ లాగండి. జిప్సీ వైరింగును ముట్టుకోనక్కర లేదు. మన బండ్లలో ఇండికేటరు పసుపు, బ్రేకు ఎరుపు, విడివిడిగా ఉంటాయి. అమెరికా బండ్లలో చాలావాటికి ఒకే ఎర్ర బల్బు రెండు పనులూ చేస్తుంది. అక్కడి నుంచి కిట్టు తెప్పిస్తే ఇక్కడ కలవదు.

సముద్రపు గాలికి ప్లగ్గు పిన్నులు ఆరు నెలల్లో పచ్చబడతాయి. మూత ఉన్న సాకెట్టే తీసుకోండి, లోపల గ్రీజు రాయండి.

సాగరఘోష | 4 ఫిబ్రవరి, రాత్రి 8:15

బస్సుకు ఒకటే బ్యాటరీ, 12 వోల్టులే. బతికిపోయాను.

దూరపుకొండ బాబూ, మా జిప్సీకి లీవరులో టూ హెచ్, ఫోర్ హెచ్, ఎన్ (న్యూట్రల్), ఫోర్ ఎల్ ఉన్నాయి. ముందు చక్రాలకు, వాటిని ఇరుసు నుంచి విడదీసే ఫ్రీ వీలింగ్ హబ్బులు. అంటే నా బండి శ్రేష్ఠమైన జాబితాలో ఉన్నట్టేనా?

దూరపుకొండ | 5 ఫిబ్రవరి, ఉదయం 10:10

ఉన్నట్టే, బాబాయి గారూ. జిప్సీకి ఇక్కడి తోబుట్టువు సుజుకి సమురాయ్. ఒకప్పుడు మోటర్‌హోములవాళ్లు దాన్ని ఎగబడి కొన్నారు, తేలిక, పొట్టి, లాగడం సులువు. ట్రాన్స్‌ఫర్ లీవరు ఎన్‌లో, హబ్బులు ఫ్రీలో పెట్టాలి. ఒక కిటుకు ఉంది. వెనక చక్రాలు వెనక షాఫ్టును, దానితో పాటు ట్రాన్స్‌ఫర్ కేసు వెనక కొసను తిప్పుతూనే ఉంటాయి, లోపల మిగిలిన గేర్లు నిశ్చలంగా ఉంటాయి, నూనె చిమ్మేది ఎవరు? అందుకని ప్రతి మూడు వందల కిలోమీటర్లకు ఆగి, ట్రాన్స్‌ఫర్ ఎన్‌లోనే ఉంచి, గేరు రెండులో వేసి, ఒక నిమిషం ఇంజను నడిపి నూనె తిప్పేవారు. అరకు మీకు నూట పదిహేను కిలోమీటర్లే, ఒకసారి చేస్తే చాలు. మరీ జాగ్రత్తపరులు వెనక ప్రొపెల్లర్ షాఫ్టును విప్పి డిక్కీలో వేసుకునేవారు.

స్టీరింగు తాళం పడకుండా తాళంచెవిని ఒక మెట్టు తిప్పి ఉంచాలి. అలా ఉంచితే బ్యాటరీ కారుతుంది, చూసుకోండి.

ఇంకొకటి, వెనక్కి వెళ్లలేరు. అసలు వెళ్లలేరు. సైకిలును సీటు పట్టుకుని ముందుకు తోస్తే హ్యాండిల్ తనంతట తానే తిన్నగా నిలబడుతుంది. అదే సీటు పట్టుకుని వెనక్కి లాగితే హ్యాండిల్ గిర్రున తిరిగిపోతుంది. కారు ముందు చక్రాలూ అంతే. పది అడుగులు రివర్స్ చేసినా అవి ఒక మూలకు పడి, కారు అడ్డం తిరిగి, టో బార్ వంగుతుంది. దారి తప్పి ఇరుకు సందులో దూరితే దిగి, కారు విప్పి, రెండు బండ్లనూ విడివిడిగా తిప్పుకోవలసిందే. బార్ బిగిసిపోయి ఉంటే పిన్ను రాదు, అప్పుడు చూడాలి దంపతుల మధ్య సంభాషణ.

కొండగాలి | 5 ఫిబ్రవరి, మధ్యాహ్నం 12:40

ఘాట్‌లో ఎదురుగా లోడు లారీ వస్తే మనమే కదా వెనక్కి జరగాలి. ఆ ఒక్క కారణం చాలు.

ఛాసిస్ నంబర్ | 5 ఫిబ్రవరి, మధ్యాహ్నం 12:52

అన్నా, మీరు ప్రతిదానికీ భయపెడుతున్నారు. జిప్సీ టన్ను బండి. బస్సు నాలుగు టన్నులు. ఏనుగు తోకకు ఈగ. దీనికి వేరే బ్రేకు ఎందుకు?

కొండగాలి | 5 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:15

ఈగ ఎంత తోస్తుందో లెక్క వేద్దాం. పన్నెండు మీటర్లకు ఒక మీటరు దిగే వాలు అనుకో. వెయ్యి కిలోల బండి ఆ వాలులో ఎనభై కిలోలకు పైగా బలంతో ముందుకు తోస్తుంది. ఒక బలమైన మనిషి నీ వీపు మీద ఎక్కి కూర్చున్నట్టు, గాలికొండ నుంచి కింద మైదానం దాకా. అరకు దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది, గాలికొండ అంతకంటే పైన. ఆ ఎత్తంతా దిగేటప్పుడు పుట్టే వేడి ఎక్కడికి పోవాలి? నీ బస్సు బ్రేకు డ్రమ్ముల్లోకే. బస్సు బ్రేకులు బస్సు బరువుకు చేశారు, అందులోనూ గురువు గారి బస్సులో మంచాలు, నీళ్ల ట్యాంకు ఎక్కాయి. కారుకు సొంత బ్రేకు లేకపోతే ఆ టన్ను కూడా ఆ డ్రమ్ములే మోయాలి. నేను మూడో గేరులో ఎక్కిన వాలును మూడో గేరులోనే దిగుతాను, అయినా కిందికి వచ్చేసరికి రబ్బరు కాలిన వాసన వస్తుంది.

దూరపుకొండ | 5 ఫిబ్రవరి, రాత్రి 9:30

కొండగాలి గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో ఇంత బరువు దాటితే లాగబడే బండికి సొంత బ్రేకు తప్పనిసరి. ఇంగ్లండులో అయితే టో ఫ్రేముకు తగిలించిన కారును ట్రెయిలరుగానే లెక్కిస్తారు, గరిష్ఠ బరువు 750 కిలోలు మించితే బ్రేకు ఉండాల్సిందే.

బ్రేకు యంత్రాల్లో ఎక్కువమంది వాడేది డ్రైవరు సీటు ముందు నేల మీద కూర్చునే పెట్టె. అందులోంచి ఒక కర్ర వచ్చి బ్రేకు పెడల్‌ను పట్టుకుంటుంది. మోటర్‌హోము నెమ్మదిస్తున్నట్టు లోపలి సెన్సారు కనిపెట్టగానే కర్ర పెడల్‌ను తొక్కుతుంది, ఎంత గట్టిగా ఆపితే అంత గట్టిగా. జీపులో మనిషి తొక్కితే పెడల్ రాయిలా ఉందన్నారు కదా, దాని సంగతీ ఇదే. ఇంజను ఆగితే, పెడల్‌ను తేలిక చేసే బూస్టరులో వాక్యూం రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. కాబట్టి పెట్టెను సర్దేముందు ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, గట్టిపడ్డాక, ఆ గట్టి పెడల్‌కే దాని బలాన్ని సరిచూడాలి.

పొడవాటి దిగుడులో మరో ప్రమాదం. డ్రైవరు బ్రేకు మీద కాలు ఆనించి దిగితే పెట్టె కూడా పెడల్ మీద కాలు ఆనించే ఉంచుతుంది. వెనక కారు బ్రేకులు కాలుతున్నా మీకు తెలియదు. పెట్టె ఎప్పుడు తొక్కుతోందో ముందు సీటులో చిన్న దీపం వెలిగి చెప్పాలి.

నల్లకోటు | 6 ఫిబ్రవరి, ఉదయం 8:45

మూడు రోజులుగా చదువుతున్నాను. ఇనుము గురించి ఇంత తెలిసినవాళ్లు చట్టం గురించి ఒక్క మాట అనుకోలేదు.

మన రోడ్డు నియమాల్లో లాగడం అనేదానికి ఇచ్చిన చోటు చాలా చిన్నది. 1989 నాటి రహదారి నియమాలు ఏమన్నాయంటే, యాంత్రికంగా చెడిపోయిన వాహనం, పూర్తిగా బిగించని వాహనం, రిజిస్టరు అయిన ట్రెయిలరు, సైడ్ కారు, ఇవి తప్ప మరే వాహనాన్నీ మరో మోటారు వాహనం లాగకూడదు. చెడిపోయిన బండిని లాగినా డెలివరీ కోసమో, దగ్గరలోని గ్యారేజీకో పెట్రోలు బంకుకో మాత్రమే. లాగబడే బండిలో డ్రైవరు సీటులో లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి, లేదంటే దాని స్టీరింగు చక్రాలు నేలను తాకకుండా ఎత్తి ఉండాలి. రెండు బండ్ల మధ్య ఐదు మీటర్లకు మించి దూరం ఉండకూడదు, వెనక 75 మిల్లీమీటర్ల ఎత్తు నల్ల అక్షరాలతో లాగుతున్నట్టు బోర్డు ఉండాలి, వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదు. 2017లో కొత్త డ్రైవింగ్ రెగ్యులేషన్లు వాటి స్థానంలోకి వచ్చాయి, కానీ బాగున్న కారును విహారం కోసం వెనక కట్టుకోవచ్చన్న మాట వాటిలోనూ లేదు.

మీ జిప్సీ నిక్షేపంగా ఉంది. అదే దాని నేరం.

ఇక మార్పులు. బండి తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కిందికి వస్తుంది. ముందు బంపరుకు అదనంగా బిగించే ఇనుప గార్డుల మీద కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. జిప్సీ ముందు పొడుచుకు వచ్చే ఫ్రేము ఉంటే ఏ ఇన్‌స్పెక్టరు అయినా ముందు దాన్నే చూస్తాడు.

బుల్లెట్ బాబాయి | 6 ఫిబ్రవరి, ఉదయం 9:20

వకీలు గారూ, జాతీయ రహదారి మీద అనకాపల్లి నుంచి ఆనందపురం దాకా ఏ రోజైనా నిలబడి చూడండి. ట్రాక్టరుకు రెండు ట్రక్కులు, ఆటోకు కాలుతో తోసే ఇంకో ఆటో, తాడుకు కట్టిన లారీ. ఎవరు ఆపారు? రిటైరైన పెద్దమనిషి జిప్సీని కట్టుకుంటేనే చట్టం గుర్తొస్తుందా?

నల్లకోటు | 6 ఫిబ్రవరి, ఉదయం 10:05

ఆపేవాళ్లు లేకపోవచ్చు, బాబాయి గారూ. ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ ఆపుతుంది. మీ ఇంట్లో పాలసీ కాగితం తీసి సన్న అక్షరాలు చదవండి. చెడిపోయిన ఏదైనా ఒక వాహనాన్ని, కిరాయికి కాకుండా, లాగుతున్నప్పుడు పాలసీ చెల్లుతుందని ఉంటుంది. చెడిపోయిన, అన్న మాట మీద వేలు పెట్టి మళ్లీ చదవండి. పైగా లాగబడే బండికి జరిగిన నష్టానికి కంపెనీ బాధ్యత ఉండదని కూడా అక్కడే ఉంటుంది. గాలికొండ మలుపులో మీ జిప్సీ ఊడి ఎదురుగా స్కూటరు మీద వస్తున్నవాణ్ణి గుద్దితే, ఆ కుటుంబం కేసు వేసేది ట్రాక్టరు మీద కాదు, సాగరఘోష గారి మీద.

బుల్లెట్ బాబాయి | 6 ఫిబ్రవరి, ఉదయం 10:30

పాలసీ తీసి చూశాను. ఉంది.

సాగరఘోష | 6 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3:00

అయితే జిప్సీని రిజిస్టరు అయిన ట్రెయిలరు మీదికి ఎక్కిస్తే? లేదా ముందు చక్రాలు మాత్రం ఎత్తే చిన్న రెండు చక్రాల డాలీ?

నల్లకోటు | 6 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3:25

ట్రెయిలరుకు సొంత రిజిస్ట్రేషను, నంబరు, బీమా ఉంటే దారి తెరిచినట్టే. డాలీ మాత్రం చిక్కుముడి. చక్రాలు ఎత్తారు కాబట్టి డ్రైవరు సీటులో మనిషి అక్కర్లేదు, కానీ ఎత్తింది చెడిపోయిన బండిని కాదు కదా.

దూరపుకొండ | 6 ఫిబ్రవరి, రాత్రి 10:15

జిప్సీకి డాలీ దండగ, వెనక చక్రాలు నడిచే బండి, షాఫ్టు ఎలాగూ తిరుగుతుంది. డాలీ ముందు చక్రాలు నడిచే ఆల్టో వంటివాటికి. ట్రెయిలరు అయితే దాని బరువే అర టన్ను పైన, మీద జిప్సీ టన్ను. మీ బస్సు తయారీదారు ఇంత బరువు లాగవచ్చని ఎక్కడైనా రాశాడా? లాగే బండి, లాగబడే బండి, మనుషులు, నీళ్లు, సామాను అన్నీ కలిపిన బరువుకు ఒక హద్దు ఉంటుంది. ఇక్కడ ఆ అంకెను తలుపు దగ్గర పలక మీద ముద్రిస్తారు. పలక లేని బండికి బాల్ బిగించడం ఎంత మాత్రం మంచిది కాదు. ఇంకో చిక్కు, అరకులో ఖాళీ ట్రెయిలరును ఎక్కడ పెడతారు?

కొండగాలి | 7 ఫిబ్రవరి, ఉదయం 6:10

బస్సు వెనక తోక కూడా చూడండి. వెనక ఇరుసు నుంచి బంపరు దాకా పొడవు వీల్‌బేస్‌లో (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరంలో) అరవై శాతం మించకూడదని నియమం, చాలా బస్సులు ఆ అంచు మీదే ఉంటాయి. మలుపులో ఆ తోక ఎటు ఊగితే జిప్సీ ముక్కు అటే పోతుంది. ఘాట్‌లో పిట్టగోడ అటే ఉంటుంది.

సీతమ్మధార సుజాత | 7 ఫిబ్రవరి, ఉదయం 11:30

ఇన్ని రోజులుగా ఇంతమంది పెద్దలు ఇనుము, నూనె, కరెంటు, చట్టం అన్నీ చర్చించారు. ఒక్కరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. మీ ఆవిడకు కారు నడపడం వచ్చా, అన్నయ్య గారూ?

మాకు కారవాన్ లేదు, కానీ మా వారు పెద్ద వ్యాను నడుపుతారు, వెనక నేను కారులో వెళతాను. లంబసింగి, మారేడుమిల్లి అలాగే తిరిగాం. ఒకరు అలసిపోతే బండ్లు మార్చుకుంటాం. పాట నచ్చకపోతే మార్చమని ఎవరినీ బతిమాలనక్కర లేదు. ఖర్చు అంటారా, వెనక కట్టి లాగినా ఆ టన్నును మోసేది డీజిలే కదా.

ఛాసిస్ నంబర్ | 7 ఫిబ్రవరి, మధ్యాహ్నం 12:05

అక్కా, ఫ్రేము ఇవాళే పూర్తయింది. రంగు కూడా వేశాను.

సాగరఘోష | 8 ఫిబ్రవరి, రాత్రి 9:50

సుజాత గారూ, మీ ప్రశ్న మా ఆవిడకు చదివి వినిపించాను. నేను చదవడం ఆపాక కూడా ఆమె నవ్వు ఆగలేదు. ఇరవై ఏళ్ల క్రితం నేర్పిస్తానని మధురవాడ లేఅవుట్లలోకి తీసుకెళ్లి, పావుగంటలో అరిచి, వెనక్కి తెచ్చింది నేనే. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు.

ఇవాళ ఉదయం మిత్రుడి ఖాళీ గోదాము ఆవరణలో, రోడ్డు మీద కాదు, జిప్సీని బస్సుకు తగిలించి చూశాను. ఛాసిస్ నంబర్ గారి పని కన్ను తిప్పుకోనివ్వదు, వెల్డింగు పూస గుచ్చినట్టుంది. తిన్నగా వెళితే జిప్సీ బుద్ధిగా వచ్చింది. చిన్న మలుపులో ముందు చక్రాలు కాసేపు తటపటాయించి తిరిగాయి. ఇరవై కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు వేశాను. వీపు మీద ఎవరో చరిచినట్టయింది. సీసాలో నీళ్లు ఒలికాయి.

అప్పుడు గుర్తొచ్చింది. డాల్ఫిన్ నోస్ కొండ పక్క నుంచి ఓడను లోపలి రేవులోకి తెచ్చేటప్పుడు ముందొక టగ్గు, వెనకొక టగ్గు ఉంటాయి. వెనకది లాగడానికి కాదు, ఆపడానికి. ముప్ఫై రెండేళ్లు చూసి ముందు టగ్గును మాత్రమే గుర్తుపెట్టుకున్నాను.

విప్పబోతే పిన్ను రాలేదు. సుత్తి కావాల్సి వచ్చింది. మా ఆవిడ అక్కడే ఉంది, దూరపుకొండ బాబు చెప్పిన సంభాషణ కూడా జరిగింది.

దూరపుకొండ | 9 ఫిబ్రవరి, ఉదయం 7:40

చక్రాన్ని కొంచెం అటూ ఇటూ తిప్పి, బార్ వదులయ్యాక లాగాలి. చెప్పడం మరిచాను, క్షమించండి.

కొండగాలి | 9 ఫిబ్రవరి, ఉదయం 8:00

మైదానంలో ఇరవైలోనే వీపు మీద చరిచిందంటే దిగుడులో నలభైలో ఏమవుతుందో ఆలోచించుకోండి.

సాగరఘోష | 21 మే, సాయంత్రం 6:30

చాలా రోజుల తరువాత రాస్తున్నాను. కొందరు విడిగా అడిగారు, ఏమైందని.

మా ఆవిడ డ్రైవింగు స్కూలులో చేరింది. నేర్పేది నేను కానందుకు రెండు నెలల్లో వచ్చేసింది. లైసెన్సు గత నెల చేతికొచ్చింది. ఎండలకు తాళలేక మొన్న వారం అరకు వెళ్లాం. నేను కారవాన్‌లో, ఆమె జిప్సీలో, పక్కన ధైర్యానికి మా మేనల్లుడు. పెందుర్తి దాటేదాకా అద్దంలో నా వెనకే కనిపించింది. కొత్తవలసలో రైలు గేటు దగ్గర ఇద్దరం ఆగాం. తరువాత కనిపించలేదు. గుండె గొంతులోకి వచ్చింది. అనంతగిరిలో కాఫీ బండి దగ్గర జిప్సీ ఆగి ఉంది, ఆమె రెండో కాఫీ తాగుతోంది. నేను గేట్ దగ్గర డీజిలు మూత సరిచూసుకుంటున్నప్పుడు దాటిపోయిందట.

పాలు విరిగిపోలేదు కానీ, చాపరాయికి రెండుసార్లు వెళ్లాం.

ఛాసిస్ నంబర్ | 21 మే, సాయంత్రం 6:48

చాలా సంతోషం, గురువు గారూ. మరి నా ఫ్రేము?

సాగరఘోష | 21 మే, సాయంత్రం 7:05

పెరట్లో గోడకు ఆనించి నిలబెట్టాను. ఆనపపాదు పైదాకా పాకింది. మూడు కాయలు దిగాయి, ఒకటి నీకు పంపిస్తాను.